అందరూ జూలై ఒకటిన పుట్టినోళ్లే

12-9-91, మిర్యాలగూడ

సూర్యాపేట డాక్టరు చెప్పిండని రాస్తున్న. బీపీ ఎక్కువున్నదట. గోలీలు రాసిచ్చి, కోపమొచ్చినప్పుడు నోటితోని అనకుండ ఒక నోటుబుక్కుల రాసుకో, ఎవ్వరికీ చూపెట్టకు అన్నడు. నా భార్య అలివేలుకు ఈ ముచ్చట బాగా నచ్చింది. ఇంటికి రాంగనే బజారుకు పోయి నోటుబుక్కు తనే కొనుక్కొచ్చింది.

నాకు కోపం ఎక్కువని నేను ఒప్పుకోను. ఇరవై రెండేండ్ల సర్వీసుల ఎవ్వరినీ తిట్టలే. మొన్న ఎమ్మార్వో మెమో ఇచ్చిండు, అందుకే జర మనసు పాడైంది. వెంకటనర్సయ్య సీటు కాడికి వచ్చిన ఫైలు ఇగ కదలదని ఎవరో అర్జీ పెట్టిన్రట. కాయితాలు సరిగ్గ తెస్తే ఎందుకు కదలదు? ఒకటి తెస్తే ఇంకోటి తేరు. ఇంకోటి తెచ్చే వరకు మొదటిది పాతదైపోతది. మధ్యల నేనేం చెయ్యాలె?

13-9-91

కోపం రాలే. రాసేటందుకు ఏం లేదు.

14-9-91

వచ్చింది. మెమోకు జవాబు రాద్దామని కూర్చున్న. రేపు పూర్తి చేస్త.

20-9-91

ఎమ్మార్వో పిలిచిండు. మెమో సంగతే అనుకొని జవాబు తలుచుకుంట పోయిన. అది కాదు. మలేసియాల కౌలాలంపూర్ అనే పట్నంల తెలుగోళ్ల సంఘం ఒకటి ఉన్నదట. ముత్తాతల కాలంల రబ్బరు తోటల పనికి పోయినోళ్ల సంతానం. ఫిబ్రవరిల వాళ్ల సంఘం వార్షికోత్సవం. లంబాడీ ఆట ఆడేటోళ్లను పంపియ్యమని కలెక్టరు గారికి ఉత్తరం రాసిన్రు. ఆయన మా మండలంల, త్రిపురారం పోయే తొవ్వల ఉన్న దస్రు తండా వాళ్లను పంపుదామన్నడు. ఎనిమిది మంది ఆడోళ్లు, నగారా కొట్టెటందుకు మంగ్త్యా అని ఒకాయన. వాళ్ల వెంట ఒక సర్కారు మనిషి పోవాలె. నేను.

నేనే ఎందుకని అడిగిన. "నువ్వు పది రోజులు లేకున్నా ఈడ ఏ పనీ ఆగదు" అన్నడు.

అంటే పనంతా ముందే సర్ది పెట్టుకునే మనిషినని ఆయనకు తెలుసన్నమాట. మెమో ఇచ్చిన నోటితోనే ఇంత మాట అన్నడంటే చిన్న సంగతి కాదు. ఇంటికొచ్చి అలివేలుకు చెప్పిన. ఆమె ఏదో అనబోయి, గిన్నెలు పట్టుకొని లోపలికి పోయింది.

6-10-91, ఆదివారం

తండాకు పోయి పాస్‌పోర్టు ఫారాలు నింపిన. పేరు, ఊరు, భర్త పేరు దాకా బాగనే నడిచింది. పుట్టిన తారీఖు కాడ ఆగింది. ఎవ్వరికీ తెల్వదు. మంగ్లీ అనే పిల్లతల్లి, వాగు పొంగి బర్రెలు కొట్టుకపోయిన ఏడు పుట్టిన్నన్నది. ఇంకొకామె, మంగ్లీ కంటే మూడు పంటలు పెద్ద అన్నది. ఇట్లయితే తెమలదని అందరికీ జూలై ఒకటి వేసిన. బడిల పంతుళ్లు చేసే పనే ఇది. సంవత్సరం మాత్రం మొహం చూసి వేసిన. ఒక్క గంటల తొమ్మిది ఫారాలు ఖతం. ఆఫీసుల ఇంత జల్ది పని ఎందుకు కాదో. అక్కడ జనం గోల ఉంటది గదా.

వాళ్లకు పెద్ద సాలి అనే ముసలామె. అరవై దాటి ఉంటయి. అందరూ యాడి అని పిలుస్తరు, వాళ్ల భాషల అమ్మ. నా దిక్కు శానాసేపు చూసి, ఆఫీసుల ఏ సీటుల కూర్చుంటవని అడిగింది. కిటికీ పక్కన అని చెప్పిన. ఆమె వాళ్ల భాషల ఏదో అన్నది, అందరూ నవ్విన్రు. ఏమన్నదని మంగ్త్యాను అడిగితే, కిటికీ పక్కన గాలి మంచిగ వస్తదని అన్నదన్నడు.

మర్యాదస్తులు.

2-11-91

మెమో జవాబు రేపు.

18-11-91

నల్గొండ పోయిన. కలెక్టరాఫీసుల ఒక సంగతి విన్న. పోయినేడు వేరే జిల్లా నుంచి కోలాటం వాళ్లు పన్నెండు మంది బయటి దేశం పోవాల్సి ఉండె. విమానాశ్రయంల ఇమిగ్రేషన్ కౌంటర్ అని ఒకటి ఉంటదట. దేశం దాటేటోళ్ల పాస్‌పోర్టు చూసి, ప్రశ్నలు అడిగి, ముద్ర కొడ్తరు. ఒక్కొక్కరు తడబడుకుంట జవాబు చెప్పే వరకు విమానం టైం అయిపోయింది. ఏడుగురు ఎక్కిన్రు, ఐదుగురు ఉండిపోయిన్రు. ఎక్కినోళ్లల్ల పాట పాడేటోడు లేడు. వాళ్ల వెంట పోయిన క్లర్కును ఇప్పుడు ఏ మూలకు బదిలీ చేసిన్రో అది కూడ చెప్పిన్రు.

బస్సుల కూర్చొని ఆలోచించిన. నాకు కౌంటర్ అంటే భయం లేదు. ఇరవై రెండేండ్ల సంది నేనే కౌంటర్. అవతలోడు ఏం చేస్తే నాకు చిరాకు లేస్తదో నాకు తెలుసు. అది చెయ్యకుంటే చాలు, పని జల్ది అయితది.

బీపీ గోలీ ఇయ్యాల ఒకటి ఎక్కువ వేసుకున్న. భయంతోని కాదు.

1-12-91, ఆదివారం

కోదాడ పోయి రాజారత్నాన్ని కలిసిన. సూర్యాపేట హైస్కూల్ల ఒకే బెంచి మీద కూర్చున్నోళ్లం. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల క్రేన్ నడిపి, తర్వాత మస్కట్ పోయి ఆరేండ్లు ఉండి వచ్చిండు. ఆ కౌంటర్ దాటుడు ఆయనకు మా ఆఫీసు మెట్లెక్కినట్టే. వాళ్లావిడ పెసరట్లు పోసి పెట్టింది. తినుకుంట అడిగిన, ఆయన చెప్పిండు.

చదువు లేనోళ్ల పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ కావాలని ముద్ర ఉంటదట. పనికి పోతలేరు, చూసి వస్తరు అని ముందే హైదరాబాద్ ఆఫీసుల ఇంకో ముద్ర వేయించుకోవాలట. అది లేకుంటే కౌంటర్ కాడికి పోవుడే దండగ. కౌంటర్ కాడ పేరు, ఊరు నింపి ఇచ్చే కార్డులు టికెట్ల ఏజెంటు కాడ ముందే దొరుకుతయి, ఇంటికాడనే నింపుకొని పోవాలె. పాస్‌పోర్టుకు కవరుంటే తీసెయ్యాలె. ఫొటో ఉన్న పేజీ తెరిచి, కార్డు ఆ పేజీల పెట్టి ఇయ్యాలె. పొట్టి లైను కనపడంగనే ఉరుకొద్దు, ముందర నిలబడ్డోళ్ల చేతుల కాయితాలు చూడాలె. ఎవరి చేతుల కాయితాలు ఎక్కువుంటయో వాళ్ల ఎనక నిలబడితే అంతే సంగతి.

ఇవన్నీ రాసుకున్న. నేను ఇంకో ఉపాయం చెప్పిన. అందరికీ ఒకే జవాబు నేర్పిస్త, ఎక్కడా తడబడకుండ. రాజారత్నం చెయ్యి కడుక్కొని వచ్చి, "ఒరేయ్ నర్సయ్యా, పాఠం అప్పజెప్పించకురా. అడిగింది వాళ్లకొచ్చినట్టు చెప్పనీ" అన్నడు.

రాజారత్నం మంచోడే గని, ఆఫీసు పద్ధతి తెల్వదు.

25-12-91

అలివేలు వాళ్ల తమ్ముడు సైదయ్య వచ్చిండు. విమానంల అన్నం పెడ్తరా అని అడిగిండు. తెల్వదని చెప్తే, ఆటోళ్లను తీసుకపోయే మేనేజరువు గదా అన్నడు. కోపం వచ్చింది. రాసిన. పోయింది.

13-1-92

పాస్‌పోర్టులు వచ్చినయి. నాది కూడ. నీలం అట్ట, బంగారు సింహాలు. అలివేలు దేవుని కాడ పెట్టింది.

ఒక చిక్కు ఉన్నది. ఫొటో తీసేటప్పుడు స్టూడియోల ఆయన ఆడోళ్ల జుట్టుకు వేలాడే వెండి సొమ్ములన్నీ తీపించిండట. ఫొటోల బోసి మొహాలు. బయట చూస్తే చెంపల మీద గుత్తులు గుత్తులు. ఎవరు ఎవరో నాకే తెలుస్తలేదు.

21-1-92

హైదరాబాద్ పోయి ముద్రలు వేయించుకొచ్చిన. రాజారత్నం చెప్పినట్టే తొమ్మిది పాస్‌పోర్టులు తెరిచి, అర్జీలు లోపల పెట్టి ఇచ్చిన. మూడు గంటల్ల అయింది. లైన్ల నా ఎనక ఉన్న మనిషి, మీరు ఏ ఆఫీసుల పని చేస్తరు సార్, ఇంత పద్ధతిగ ఉన్నరన్నడు. చెప్పిన. మా ఆఫీసుల పని చేయించుకునేటోడు ఎంత అదృష్టవంతుడో అన్నడు.

పాస్‌పోర్టులు సంచిల సర్దుకొని బస్టాండుకు నడిచిన.

26-1-92, ఆదివారం

పొద్దున జెండా వందనం. తర్వాత తండా వాళ్లు పని చేసే రైసు మిల్లుకు పోయిన. మిల్లుకు సెలవు. ఉడికిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీగ ఉన్నది. యజమానిని అడిగి ఆ కళ్లంలనే సుద్దతోని గీతలు గీసి విమానాశ్రయం చేసిన. గోనె సంచుల దొంతర కౌంటర్. కోదాడ నుంచి రాజారత్నం వచ్చిండు, నల్ల కళ్లద్దాలు పెట్టుకొని ఆఫీసరుగ కూర్చున్నడు.

ప్రశ్నలు మూడే. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తరు. జవాబులు హిందీల నేర్పిన. కౌలాలంపూర్. నాచ్ ప్రోగ్రాం. ఛబ్బీస్ తారీఖ్ వాపస్. ఒకామె చెప్తుంటే విని ఇంకొకామె కూడ అదే రాగంల చెప్తది. మొదటిసారి ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. సాయంత్రం అయ్యే వరకు నలభై సెకండ్లకు వచ్చింది. గడియారం పట్టుకొని చూసిన నేనే నమ్మలే.

రాజారత్నం మధ్యల ఆట పట్టిచ్చిండు. సాలిని, మీ మేనేజరు మంచోడేనా అని అడిగిండు. అది ప్రశ్నల్ల లేదని నేను ఆపిన. సాలి మాత్రం జవాబు చెప్దామని నోరు తెరిచి, నన్ను చూసి మూసుకున్నది. అందరూ పడీపడీ నవ్విన్రు. వాళ్లకు నవ్వు శాన జల్ది వస్తది.

నిజం చెప్పాలంటే, ఈ ఆదివారం ఆఫీసు యాదికే రాలే.

9-2-92

సాలితోని తగువైంది. అందరూ చీరలు కట్టుకొని విమానమెక్కాలె, ఆట బట్టలు పెట్టెల పెట్టుకోవాలె అని చెప్పిన. చీరల ఉంటే మొహం ఫొటోతోని కలుస్తది, ఆలస్యం కాదు. సాలి వినలే. అద్దాల రవికె, లంగా, మోచేతి పైదాక గాజులు, ఇవే తన బట్టలట, ఆట బట్టలు కావట.

"సారూ, వాళ్లు పిలిచింది ఈ బట్టల్ల ఉన్న సాలిని. చీర కట్టుకున్న సాలిని ఎవ్వలు పిలుస్తరు" అన్నది.

సరే, జుట్టు సొమ్ములు మాత్రం కౌంటర్ కాడ చేతుల పట్టుకోవాలె అన్న. ఆలోచిస్తనన్నది. ఇంటికొచ్చి చూసుకుంటే ఈ తగువు గురించి రాసేటంత కోపం లేదు. ఊరికే రాసిన.

17-2-92

రేపు ప్రయాణం. మెమో జవాబు పెట్టెల పెట్టుకున్న, తెల్ల కాయితం. అక్కడ తీరిక ఉంటది.

18-2-92

మిర్యాలగూడ నుంచి కోదాడకు బస్సు. బస్టాండ్ల రాజారత్నం పులిహోర పొట్లాలు తెచ్చి ఇచ్చిండు, నా చెయ్యి పట్టుకొని, క్షేమంగ పోయిరా అన్నడు. అక్కడి నుంచి విజయవాడ, విజయవాడల మద్రాసు రైలు. మంగ్త్యా నగారాను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నడు. డబ్బల ఉన్నోళ్లంతా మమ్మల్నే చూస్తున్నరు. మొదట సిగ్గయింది. ఒంగోలు దాటినాక అలవాటైంది.

19-2-92, కౌలాలంపూర్

ఇయ్యాల జరిగింది మొత్తం రాయాలె.

మద్రాసు విమానాశ్రయం లోపలికి పదిన్నరకు పోయినం. విమానం ఒకటిన్నరకు. సామాన్లు ఇచ్చి, ఇమిగ్రేషన్ కాడికి వచ్చే వరకు పదకొండుంబావు. అన్నీ రాజారత్నం చెప్పినట్టే. కార్డులు నింపి ఉన్నయి, పేజీలు తెరిచి ఉన్నయి, కాయితాలు తక్కువున్నోళ్ల ఎనకాల లైను. పన్నెండు లోపల దాటిపోతం అనుకున్న. అందరినీ ముందర నిలబెట్టి నేను ఆఖరుకు నిలబడ్డ.

మొదట నీలా, వాళ్లల్ల ఒకామె. నలభై సెకండ్లు. ముద్ర పడ్డది. రెండో ఆమె. ముద్ర పడ్డది. నాకు లోపల లోపల గర్వమైంది. మూడో ఆమె పాస్‌పోర్టు తీసుకున్న ఆఫీసరు ఆగిండు. ముందు పోయిన ఇద్దరినీ మళ్లీ పిలిచిండు. మూడు పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టిండు. తర్వాత లైన్ల ఉన్న అందరివీ అడిగి తీసుకొని, ఒక్కొక్కటి తెరుచుకుంట పోయిండు.

జూలై ఒకటి. జూలై ఒకటి. జూలై ఒకటి.

అప్పుడు మంగ్లీని పిలిచి, నీకు పిల్లలెంతమంది అని హిందీల అడిగిండు. మంగ్లీ నేర్పినట్టు నిలబడి, నేర్పిన రాగంల, "నాచ్ ప్రోగ్రాం" అన్నది.

ఆఫీసరు లేచి నిలబడ్డడు. మమ్మల్నందరినీ పక్కకు తీసుకపోయి బెంచీల మీద కూర్చోబెట్టిన్రు. పెద్దాఫీసరు వచ్చింది. నడివయసు ఆడమనిషి, మాట మెల్లగ, చూపు గట్టిగ. నన్ను ఒక్కడినే ముందరికి పిలిచింది. ఈ తారీఖులు ఎవరు వేసిన్రని అడిగింది. నేనే అన్న. ఎందుకంటే, పని జల్ది కావాలని అన్న. ఈ జవాబులు ఎవరు నేర్పిన్రంటే అది కూడ నేనే అన్న. చదువు రాని ఆడోళ్లకు ఆశ చూపెట్టి, ఆట పాట అని చెప్పి, బయటి దేశంల పనికి అమ్ముకునే ఏజెంట్లు ఉన్నరని, వాళ్లు కూడ అచ్చం ఇట్లనే నేర్పిచ్చి తీసుకొస్తరని ఆమె చెప్పింది. నెలకు ఒక్కరన్న దొరుకుతరట.

కలెక్టరు గారి ఉత్తరం చూపెట్టిన. ఇసొంటి ఉత్తరాలు ఏజెంట్ల కాడ కూడ ఉంటయన్నది. ఆఫీసు ఇచ్చిన ఆర్డరు చూపెట్టిన. అది మూడో కార్బన్ కాపీ, నా పేరున్న కాడనే మసకగ ఉన్నది. గుర్తింపు కార్డు అడిగింది. నాకు లేదు. మా ఆఫీసుల నన్ను తెల్వనోళ్లు ఎవరని ఇన్నేండ్లు తీసుకోలే. మిర్యాలగూడకు ఫోన్ చేయమన్న. చేసిన్రు. కలుస్తలేదు.

పన్నెండున్నర అయింది. విమానం కంపెనీ పిల్ల వచ్చి మా పేర్లు పిలుచుకుంట పోయింది. ఏజెంటు. నన్ను ఎన్నో అన్నరు గని, ఈ మాట ఎవ్వరూ అనలే. ఇప్పుడు ఎక్కకపోతే బదిలీ కాదు, జైలే అనుకున్న. అది కూడ కాదు, తొమ్మిది మంది బెంచీ మీద కూర్చొని నన్నే చూస్తున్నరు. ఇన్ని దినాలు నవ్వినోళ్లల్ల ఒక్కరు నవ్వుతలేరు.

మేడమ్ సాలిని పిలిచింది. నన్ను గోడ దిక్కు నిలబడమన్నది. హిందీలనే అడిగింది, ఈయన నీకు ఏమైతడు, ఎన్ని దినాల సంది తెలుసు అని. ప్రశ్నల్ల లేని ప్రశ్న. నేను కండ్లు మూసుకున్న. సాలి తనకొచ్చిన హిందీల, తొందర లేకుండ చెప్పింది. ప్రతి మాట నాకు అర్థమైంది. దాన్ని నా భాషల రాసుకుంటున్న.

"మూడేండ్ల సంది తెలుసమ్మా. మా మండల్ ఆఫీసుల కిటికీ పక్క సీటుల కూసుంటడు. నా మొగడు సచ్చిపోయినంక ఆయన భూమి నా పేరు మీద ఎక్కియ్యమని కాయితం పెట్టుకున్న. పోయినప్పుడల్లా రేపు రా అంటడు. నా మొహం గూడ సూడడు. ఏజెంటయితే తొందర పెట్టాలె గదమ్మా. ఈయన ఏజెంటు కాదు. నిజంగ సర్కారు మనిషే."

మొదటి కౌంటర్ ఆఫీసరు తల వంచుకొని పెన్ను మూత పెట్టుకుంట ఉన్నడు, భుజాలు ఊగుతున్నయి. మేడమ్ మాత్రం నవ్వలే. నా దిక్కు తిరిగి, ఈమె చెప్పింది నిజమేనా అని అడిగింది.

కాయితాలు సరిగ్గ తేలేదు మేడమ్ అనాలని నోటి దాక వచ్చింది. ఇరవై రెండేండ్ల అలవాటు. సాలి నన్ను చూస్తున్నది. కోపం లేదు ఆ చూపుల. నేను ఒప్పుకుంటే విమానం ఎక్కొచ్చు, అంతే ఉన్నది.

"నిజమే మేడమ్" అన్న. ఊకోకుండ, "ఆమె పేరు కూడ నాకు అక్టోబరు దాక తెల్వదు" అని కూడ అన్న. అది ఎందుకన్ననో తెల్వదు.

మేడమ్ ఇంకా ఇద్దరిని నాలుగు మాటలు అడిగింది, మంగ్లీకి పిల్లలెంతమందో తేలింది, ఇద్దరు. తర్వాత తనే కౌంటర్ల కూర్చొని ముద్రలు కొట్టింది. మిగిలిన ఎనిమిది మందికి ఆరు నిమిషాలు. ఆఖరుకు నా పాస్‌పోర్టు. ముద్ర కొట్టి, నా చేతికి ఇచ్చుకుంట, ఇక్కడ మీకు ఎంతసేపు అయిందని అడిగింది. గంటకు పైన అని చెప్పిన.

ఉరికినం. తనిఖీ చేసే కాడ సాలి సొమ్ములకు మిషన్ కూతలు పెట్టింది, అక్కడ ఆడపోలీసు నవ్వుకుంట పంపిచ్చింది. మంగ్త్యా నగారా ఎత్తుకొని ముందు, ఎనిమిది లంగాలు ఎనక, అందరికంటే ఎనక నేను. తలుపు వేసే టైంకు ఎక్కినం.

విమానంల సాలి నా పక్క సీటు. లేచేటప్పుడు నా మోచెయ్యి గట్టిగ పట్టుకున్నది. మబ్బుల మీదికి పోయినంక అడిగిన, ఇన్ని నెలలు నాతోని ఎందుకు చెప్పలేదని. చెప్తే నువ్వు సిగ్గుపడి ఇంకొకరిని పంపుతవేమో అనుకున్నదట. ఇంకొకరైతే ఫారాలు గంటల నింపడు గదా అన్నది.

విమానంల అన్నం పెడ్తరు. సైదయ్యకు చెప్పాలె.

20-2-92

నిన్న రాయడం మరిచిన. ఇక్కడ దిగినంక కూడ ఒక కౌంటర్ ఉండె. ఎవ్వరినీ లైన్ల నిలబెట్టలే, ఎవ్వరికీ ఏం చెప్పలే. ఎందుకొచ్చిన్రంటే నీలా రెండు అడుగులు వేసి చూపెట్టింది. అక్కడి ఆఫీసరు చప్పట్లు కొట్టిండు.

హోటల్ కాయితం మీద మెమో జవాబు రాసిన. ఒక్క వాక్యమే అయింది.

23-2-92

ఆట అయింది. రెండు వేల మంది జనం. తెలుగు మాట్లాడుతరు గని మన మాట కాదు, ముత్తాతల మాట, వింటుంటే అదోలా తియ్యగ ఉంటది. ఆట అయిపోయినంక ఒక ముసలాయన వచ్చి సాలి చేతులు పట్టుకొని ఏడ్చిండు. వాళ్ల నాయనమ్మ చేతికి కూడ ఇట్లనే గాజులుండేవట. సాలి ఆయనను ఓదార్చింది. నేను పక్కన నిలబడి ఇద్దరి సంచులు మోసిన.

అద్దాల బట్టలు, వెండి, దీపాల వెలుగు. చీర కట్టుకొమ్మని ఎందుకన్ననో.

28-2-92, మిర్యాలగూడ

ఇంటికొచ్చిన. అలివేలుకు అంతా చెప్పిన, గోడ దిక్కు నిలబెట్టింది కూడ. ఆమె వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని శానాసేపు నవ్వింది. నాకు కోపం రాలే. నేను కూడ నవ్విన.

29-2-92, శనివారం

పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకు పోయిన. అటెండరు అంజయ్య ఏమైంది సార్ అని అడిగిండు.

రమావత్ సాలి విరాసత్ ఫైలు, మొగని భూమి ఆమె పేరు మీదికి మార్చేది, బీరువాల కింది అరల దొరికింది. ఎనభై తొమ్మిదిల వచ్చింది. చావు సర్టిఫికెటు ఉన్నది, వారసుల సంతకాలు ఉన్నయి, గిర్దావరు పోయి చూసి రాసిన రిపోర్టు ఉన్నది. ఏ కాయితం తక్కువ లేదు. నేను రాయాల్సిన పది లైన్ల నోటు ఒక్కటే లేదు. రెండుసార్లు వెదికిన, ఏదన్న ఒక్కటి తక్కువుంటే బాగుండనిపించింది. లేదు.

నోటు రాసిన. పావు గంట. ఎమ్మార్వో మధ్యాహ్నం సంతకం పెట్టిండు. పెట్టే ముందు తారీఖు చూసి, క్యాలెండరు చూసి, నన్ను చూసిండు.

1-3-92, ఆదివారం

ఆర్డరు కాపీ తీసుకొని మిల్లుకు పోయిన. కళ్లంల వడ్లు ఆరబోసి ఉన్నయి, ఆడోళ్లు కాళ్లతోని తిరగేస్తున్నరు. వేడి ఆవిరి లేస్తున్నది. కౌలాలంపూర్ల రెండు వేల మందితోని చప్పట్లు కొట్టిచ్చుకున్నోళ్లే వీళ్లు. సాలి వడ్లు తిరగేసే దంతె పక్కకు పెట్టి వచ్చింది. కాయితం ఇచ్చిన. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చదువు సారూ అన్నది.

చదివిన. రమావత్ సాలి, భర్త కీర్తిశేషులు కిష్ట్యా, సర్వే నంబరు, రెండెకరాల పది గుంటలు. ఆమె కండ్లు మూసుకొని విన్నది. మొగని పేరు వచ్చిన కాడ తల ఊపింది. ఆయన పేరు సర్కారు కాయితంల ఎట్ల రాసిన్రు, మళ్లొకసారి అన్నది. ఇంకోసారి చదివిన. అప్పటికి అందరూ పని ఆపి చుట్టూ నిలబడ్డరు. ముందు చెప్పాలనుకున్న మాట ఒకటి ఉండె, బస్సుల తయారు చేసుకున్న. అది నోటికి రాలే.

"యాడీ, ఆలస్యం చేసిన" అన్న. ఆమెను అట్ల పిలుస్తనని నాకే తెల్వదు.

సాలి కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెల పెట్టుకున్నది. నా దిక్కు చూడకుండ, చుట్టూ ఉన్నోళ్ల దిక్కు తిరిగి, వాళ్ల భాషల ఏదో గట్టిగ చెప్పింది. మంగ్లీ నవ్వింది. ఏమన్నదని ఈసారి నేను మంగ్త్యాను అడగలే. నాకు అర్థమైంది.

3-3-92

తండా నుంచి పదకొండు మంది కాయితాలు పట్టుకొని నా సీటు కాడికి వచ్చిన్రు. రాసేటందుకు తీరిక లేదు.